పిల్లలకి బేరం నేర్పాలంటే నష్టం కూడా వాళ్లదే అవ్వాలి

పిల్లలకి డబ్బు గురించి నేర్పించడం చాలా ఇళ్లలో ఒక మట్టి హుండీ కొనివ్వడంతో అయిపోతుంది. హుండీ దాచుకోవడం ఒక్కటే నేర్పుతుంది. డబ్బు ఎలా పుడుతుందో, ఎక్కడ తరిగిపోతుందో, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఎందుకు వెళ్తుందో దానివల్ల తెలియదు. అది తెలియాలంటే పిల్ల చేత ఏదో ఒక చిన్న వస్తువు కొనిపించాలి, అమ్మించాలి. పెట్టుబడి తనది అవ్వాలి, లెక్క తన పుస్తకంలో ఉండాలి, నష్టం వస్తే అది కూడా తనదే అవ్వాలి. మొదటి రెండిటికీ తల్లిదండ్రులు సంతోషంగా ఒప్పుకుంటారు. మూడోదాని దగ్గరకొచ్చేసరికి మనసు రాదు, జేబులోంచి తీసి పూడ్చేస్తారు. అక్కడితో చదువు ఆగిపోతుంది.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అత్తగారు పెట్టిన కిరాణా కొట్టు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. కొట్టుకి తెలుగువాళ్లు వస్తారు, ఒడియావాళ్లు వస్తారు, కొండ దిగి సవరవాళ్లు వస్తారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి అయిదు. కొట్టున్న ఇంట్లో పిల్లలకి వ్యాపారం దానంతటదే వచ్చేస్తుందని బంధువులు అంటుంటారు. రాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్లకి చిల్లర ఇవ్వడం వస్తుంది. ఆ సరుకు ఎంతకి వచ్చిందో, కరెంటు బిల్లు ఎంతైందో, ఎలక కొట్టేసిన బస్తా ఎవరి ఖాతాలో పడిందో తెలియదు. కాబట్టి మీది ఉద్యోగస్తుల ఇల్లైనా వ్యాపారస్తుల ఇల్లైనా ఇక్కడ చెప్పే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ముందు నాణేలు, చిల్లర

అయిదారేళ్ల పిల్లలకి వ్యాపారం వద్దు. నాణేలు చేతికిచ్చి లెక్కపెట్టించండి, చిన్న సామాను తెమ్మని పంపండి, తెచ్చిన చిల్లర అక్కడే నిలబడి సరిచూసుకోవడం అలవాటు చేయండి. "ఇంటికొచ్చాక చూసుకుందాం" అనే అలవాటు పడితే పెద్దయ్యాక కూడా పోదు.

మా వైపు ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సరిహద్దుకి ఇటూ అటూ చాలా కొట్లలో పది రూపాయల నాణెం తీసుకోరు. "చెల్లదు" అనేస్తారు. పిల్లలు అదే నిజమనుకుంటారు. పది రూపాయల నాణేలు 14 రకాల అచ్చుల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇచ్చింది. ఆ సంగతి ఫోన్‌లో తెలుసుకోవడానికి 14440 అనే నంబరు కూడా పెట్టింది. దీన్ని పిల్లలకి వివరంగా చెప్పండి. డబ్బు విషయంలో పదిమంది అనే మాట వేరు, అసలు నియమం వేరు కావచ్చని పిల్లకి మొదటిసారి అర్థమయ్యేది ఇలాంటి చోటే. మా కొట్లో ఆ నాణేలు తీసుకుంటాం, పిల్లల చేతే తీయిస్తాం.

ఏం అమ్మాలో పిల్లే వెతుక్కోవాలి

తొమ్మిది, పదేళ్లు వచ్చాక అసలు పని మొదలుపెట్టొచ్చు. ఇక్కడ తల్లిదండ్రులు తొందరపడతారు. "గ్రీటింగ్ కార్డులు చేసి అమ్ము", "నిమ్మకాయ షర్బత్ పెట్టు" అని ఐడియా మనమే ఇచ్చేస్తాం. అలా ఇవ్వకండి. ఒక నోటు పుస్తకం ఇచ్చి, "మన వీధిలో ఎవరు ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో నెల్లాళ్లు రాయి" అని చెప్పండి. అడిగి దొరక్క వెళ్లిపోయినవాళ్ల మాట ముఖ్యంగా రాయించండి. కొట్టు లేని ఇల్లైతే పక్కింటి పిన్ని, మేడమీద అత్త, పాలబ్బాయి ఏం అంటున్నారో వింటే చాలు.

మా అమ్మాయి పుస్తకంలో అలా మొదట తేలింది మార్గశిర మాసం లక్ష్మివారాలు, అంటే గురువారాలు. ఆ నెలలో ఒడియా ఇళ్లలో మాణబసా పూజ ఉంటుంది, వాకిట్లో బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. మన ఇళ్లలోనూ లక్ష్మివారం నోములుంటాయి. బుధవారం సాయంత్రమైతే తడి బియ్యప్పిండి కావాలని, బంతిపూలు కావాలని ఒకటే అడగడం. ఏడాదంతా అమ్ముడుపోని వస్తువుకి నాలుగైదు బుధవారాలు గిరాకీ. పిల్లకి ఇదే పెద్ద పాఠం: వస్తువు మంచిదా చెడ్డదా అని కాదు, ఏ రోజు ఎవరికి అవసరమో చూడాలి. జూన్ నెల మధ్యలో ఒడియావాళ్ల రజో పండగప్పుడు, రథయాత్రప్పుడు, వినాయక చవితప్పుడు గిరాకీ మళ్లీ వేరు.

సరిహద్దు ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంకో అవకాశం ఉంది, దాన్ని వదులుకోకండి. పర్లాకిమిడి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో దిగుతాం. ఒకే రోజు రెండు ఊళ్లలో టమాటా, ఉల్లిపాయ, కొబ్బరికాయ, అరటి గెల రేట్లు పిల్ల చేత రాయించండి. తేడా కనిపిస్తుంది. కనిపించగానే "అమ్మా, అక్కడ కొని ఇక్కడ అమ్మేద్దాం" అంటుంది. అప్పుడు ఆటో చార్జీ, పాడైపోయే కాయ, పోయే పూట, ఇవన్నీ పక్కన రాయించండి. చాలాసార్లు తేడా అంతా చార్జీలకే సరిపోతుంది. కొన్నిసార్లు మిగులుతుంది. మిగిలినప్పుడు ఎందుకు మిగిలిందో పిల్ల చేతే చెప్పించండి. మారుబేరం అంటే ఏమిటో దీనికంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో సరుకు ఉచితం కాదు

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఇదే. పిల్లలు మురుకులు అమ్ముతామంటారు. పిండి అమ్మది, నూనె అమ్మది, గ్యాస్ నాన్నది, వండేది మామ్మ. రెండొందలు వచ్చాయని పిల్లలు గెంతుతారు, మనం ఫొటో తీసి బంధువులకి పంపుతాం. ఆ రెండొందల వెనక మూడొందల సరుకు పోయిందని ఎవరూ అనరు. ఇలా పెరిగిన పిల్ల రేపు నిజంగా వ్యాపారం పెడితే పుట్టింటి డబ్బునో, అత్తింటి డబ్బునో అలాగే లెక్కలోకి రాకుండా తినేస్తుంది.

కాబట్టి మొదటి రోజు నుంచే, ఇంట్లోంచి తీసుకున్న ప్రతి వస్తువుకీ కొన్న ధర పుస్తకంలో రాయించండి. కొట్టున్నవాళ్లు కొనుగోలు ధరకే ఇవ్వాలి, కానీ ఇవ్వాల్సింది డబ్బు తీసుకునే. గ్యాస్‌కి కూడా ఎంతో కొంత వేయండి. మామ్మ కష్టానికి కూడా వేయించండి. మా అత్తగారు మొదట "నా మనవరాలి దగ్గర డబ్బు తీసుకుంటానా" అని చిన్నబుచ్చుకున్నారు. "మీరు తీసుకోకపోతే దానికి లెక్క రాదండీ అత్తయ్యా" అని ఒప్పించాను. ఆవిడ తీసుకుని గుడి హుండీలో వేస్తారు, అది ఆవిడ ఇష్టం. పుస్తకంలో మాత్రం ఖర్చు ఖర్చుగానే పడింది.

పెట్టుబడి ఎక్కడిది అని అడుగుతారు. పండక్కి, పుట్టినరోజుకి బంధువులు పిల్లల చేతిలో పెట్టే డబ్బుని చాలామంది అమ్మలు "నేను దాచిపెడతా" అని తీసుకుంటారు. ఆ డబ్బు పిల్లల పేరున రాసి ఉంచండి, పెట్టుబడి అక్కడి నుంచే వస్తుంది. సరిపోకపోతే మీరు అప్పుగా ఇవ్వండి. బహుమతిగా కాదు, అప్పుగానే. ఒక కాగితం మీద "అమ్మ దగ్గర మూడు వందలు తీసుకున్నాను, దసరా లోపల ఇస్తాను" అని పిల్ల చేతే రాయించండి. 18 ఏళ్ల లోపువాళ్లు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చట్టం ముందు చెల్లదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంతే. కాబట్టి ఈ కాగితం కోర్టు కోసం కాదు, మాట కోసం. బయటివాళ్లెవరూ పిల్లలకి అప్పివ్వకూడదని, పిల్లలు తీసుకోకూడదని కూడా ఇప్పుడే చెప్పేయండి.

డబ్బు పెట్టడానికి రెండు డబ్బాలు చాలు. ఒకదానిలో అసలు, ఇంకోదానిలో లాభం. అమ్మిన డబ్బు రాగానే ముందు అసలు డబ్బా నిండాలి, ఆ తర్వాతే లాభం డబ్బాలోకి రూపాయి పోవాలి. అసలు డబ్బాలోంచి ఐస్‌క్రీమ్ కొనకూడదు. ఈ ఒక్క నియమం నేర్చుకుంటే చాలా కొట్లు మూతపడకుండా ఉండేవి. మా బజారులోనే గల్లాపెట్టెలో ఉన్నదంతా తమదే అనుకుని, టోకు వ్యాపారికి కట్టాల్సింది కట్టలేక తాళం వేసినవాళ్లని చూశాను.

చింతపండు లెక్క

ఒక లెక్క పూర్తిగా చెప్తాను. ఏటా ధరలు మారతాయి, మీరు అంకెలు మార్చుకుని లెక్క తీరు చూడండి.

మా వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండ ఊళ్ల నుంచి చింతపండు సంతకి దిగుతుంది. గుమ్మ వైపు నుంచి, ఆర్.ఉదయగిరి వైపు నుంచి వస్తుంది. పిక్కతో ఉన్న చింతపండు మన పిల్ల కిలో 60 చొప్పున పది కిలోలు కొన్నదనుకోండి. 600 రూపాయలు. ఆటోకి 40. ప్లాస్టిక్ కవర్లకి 30. మొత్తం 670. పిక్క తీసి పావుకిలో ప్యాకెట్లు కట్టి అమ్మాలని ఆలోచన.

పది కిలోలకి 40 ప్యాకెట్లు కదా, ప్యాకెట్ ఖర్చు 17 రూపాయల లోపే, 22కి అమ్మితే 880 వస్తుంది, 210 లాభం, ఇదీ పిల్ల వేసే లెక్క. ఆపకండి. పిక్క తీయనివ్వండి. తీశాక తూకం వేయిస్తే ఆరు కిలోలే తేలుతుంది. పిక్కలు, ఈనెలు, చెత్త పోగా మిగిలేది దాదాపు అంతే. ఆరు కిలోలకి 24 ప్యాకెట్లు. 22 చొప్పున అమ్మితే వచ్చేది 528. అంటే 142 రూపాయలు నష్టం. లాభం అనుకున్న బేరం నష్టం ఎలా అయిందో పిల్ల కళ్లతో చూస్తుంది. తూకంలో పోయిన ఆ తేడా పేరే తరుగు. కూరగాయలకి తరుగుంది, బియ్యానికి తరుగుంది, బట్ట కత్తిరించే దర్జీకీ తరుగుంది. తరుగు చూసుకోకుండా ధర కట్టినవాడు ఎంత అమ్మితే అంత మునుగుతాడు.

ఇప్పుడు మళ్లీ ధర కట్టించండి. 670ని 24తో భాగిస్తే ప్యాకెట్‌కి 28 పడింది. 35కి అమ్మగలిగితే 840 వస్తుంది, 170 మిగులుతుంది. 35కి ఎవరైనా కొంటారా? బజారులో పిక్క తీసిన చింతపండు ఎంతకి అమ్ముతున్నారో కనుక్కుని రమ్మనండి. అంతకంటే ఎక్కువైతే కొనరు. తక్కువైతే ధర పెంచే జాగా ఉంది. ఖర్చుని బట్టి కింది హద్దు, బజారుని బట్టి పై హద్దు. ధర ఈ రెండింటి మధ్యే ఉండాలి. పై హద్దు కింది హద్దు కంటే కిందకి వచ్చిందంటే ఆ బేరం గిట్టుబాటు కాదు, వదిలేయాలి.

170 లాభం చూసి సంబరపడే ముందు ఇంకొకటి అడగండి: "ఎన్ని గంటలు కూర్చున్నావు?" పిక్క తీయడానికి, కట్టడానికి, ఇల్లిల్లూ తిరగడానికి కలిపి పది గంటలైతే గంటకి 17 రూపాయలు పడింది. తక్కువ అని నిరుత్సాహపెట్టడానికి కాదు ఈ లెక్క. ఎక్కడ సమయం పోతోందో చూసుకోవడానికి. మా అమ్మాయి ఇల్లిల్లూ తిరగడం మానేసి, ముందే ఎవరికి ఎన్ని కావాలో రాసుకుని ఒకే సాయంత్రం ఇచ్చేయడం ఈ లెక్క చూశాకే మొదలుపెట్టింది. చింతపిక్కలు కొనే వ్యాపారులుంటారు, వాటికీ కొంత వస్తుందని కూడా అప్పుడే కనుక్కుంది. కొంత సరుకు అమ్మకుండా దాచి వానాకాలంలో అమ్మితే ధర పెరుగుతుంది. కానీ చింతపండు నల్లబడుతుంది, తేమ తగిలితే పాడవుతుంది, అసలు అన్నాళ్లూ ఇరుక్కుపోతుంది. దాచాలా వద్దా అన్నది పిల్లకే వదిలేయండి. ఏం చేసినా కారణం పుస్తకంలో రాయించండి.

తినే వస్తువు బయటివాళ్లకి క్రమంగా అమ్ముతుంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, అది పెద్దవాళ్ల పేరు మీదే తీసుకోవాలి. అలాగే 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 2016లో సవరించిన చట్టం ప్రకారం సొంత కుటుంబ పనిలో బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని సాయం మాత్రం చేయొచ్చు. ఆ హద్దు దాటకండి. బడి మానిపించి కొట్లో కూర్చోబెట్టడం నేర్పించడం కాదు.

కొండవాళ్ల దగ్గర బేరం

పిల్లని సంతకి తీసుకెళ్లినప్పుడు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. నెత్తి మీద గంప పెట్టుకుని తెల్లవారుజామున కొండ దిగిన మనిషి సాయంత్రానికి ఆ గంప తిరిగి మోసుకెళ్లలేడు. ఆ సంగతి తెలిసిన వ్యాపారులు ఎండ ఎక్కేదాకా ఆగి సగం ధరకి అడుగుతారు. కాటాలో మోసం చేసేవాళ్లూ ఉన్నారు. మన పిల్లలు దాన్ని చూసి "బేరం అంటే ఇదే" అని నేర్చుకుంటే, మనం నేర్పింది వ్యాపారం కాదు, దోచుకోవడం.

నా పద్ధతి చెప్తాను. చింతపండు లాంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తులకి కేంద్ర ప్రభుత్వం 2013-14లో మద్దతు ధర పథకం పెట్టింది. ఆంధ్ర వైపు గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఇలాంటి సరుకు కొంటోంది. ఆ ఏడాది మద్దతు ధర ఎంతో ముందు కనుక్కోమని పిల్లకి చెప్పండి. దాని కంటే కింద బేరం ఆడకూడదని ఇంటి నియమంగా పెట్టండి. మన కాటా మీద తూనికల శాఖ ముద్ర ఉందో లేదో చూపించండి. సరుకు తూచేటప్పుడు ముల్లు అమ్మే మనిషికి కనిపించేలా పెట్టాలి. అమ్మే మనిషి లెక్క చేసుకునేదాకా ఆగాలి. డబ్బు ఎంతైందో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. సంతలో తిరిగే పిల్లలకి నాలుగు సవర మాటలు పట్టుబడటం కష్టం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే మేష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అంత కాకపోయినా, అంకెలు, ధన్యవాదాలు చెప్పడం వస్తే చాలు.

ఇలా కొంటే ఖర్చు కాస్త పెరుగుతుంది. ఆ మనిషి వచ్చే ఏడు మంచి సరుకు మన పిల్లకే ముందు చూపిస్తుంది. మా కొట్టుకి అత్తగారి రోజుల నుంచి వచ్చే కుటుంబాలు అలా వచ్చినవే.

అరువు

పిల్లల వ్యాపారాన్ని ముంచేది ఎక్కువగా బంధువులే. మేనత్త రెండు ప్యాకెట్లు తీసుకుని "మీ నాన్నకి ఇస్తాలే" అంటుంది. బాబాయ్ "నా దగ్గర డబ్బులడుగుతావే గుంటా" అని నవ్వేస్తాడు. పిల్లకి సిగ్గు, మనకి మొహమాటం. నాన్న ఆ డబ్బు తను ఇచ్చేస్తానంటాడు. ఇవ్వకూడదు.

అరువు పుస్తకం విడిగా పెట్టించండి. పేరు, తేదీ, ఎంత, ఎప్పుడిస్తామన్నారు, ఈ నాలుగూ చాలు. అరువు ఎంతవరకు ఇవ్వొచ్చో ముందే అనుకోండి. అసలులో నాలుగో వంతు మించి అరువు పోకూడదని మా ఇంట్లో అనుకున్నాం, ఎందుకంటే మించితే మళ్లీ సరుకు కొనడానికి డబ్బుండదు. ఎలా అడగాలో కూడా ఇంట్లో మాట్లాడించి చూడండి. పెద్దవాళ్లని అడగడమంటే అమర్యాద అని పిల్లలు భయపడతారు. "అత్తా, మొన్నటి రెండు ప్యాకెట్లవి డెబ్భై రూపాయలు ఉన్నాయి. ఆదివారం సరుకు కొనాలి, అప్పటికి ఇస్తావా?" అని అడగడంలో అమర్యాద లేదు. తేదీ, మొత్తం, కారణం మూడూ ఉన్నాయి. ఇలా అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. రెండుసార్లు అడిగినా ఇవ్వనివాళ్లకి మూడోసారి నగదుకే ఇవ్వాలి, అది మేనత్తైనా సరే. ఈ విషయంలో మీరు పిల్ల పక్షాన నిలబడాలి. వెనక్కి రాని డబ్బుని ఏడాది చివర నష్టంలో రాయించేయండి. మనసులో పెట్టుకోవద్దని, పుస్తకంలో పెట్టుకోమని చెప్పండి.

లాభం, వడ్డీ, బ్యాంకు

లాభం డబ్బాలో డబ్బు పిల్లది. అందులో సగం పుస్తకాలకి, పావు దానానికి అని భాగాలు పెట్టి మనం పంచేస్తే అది మళ్లీ మన డబ్బే అయిపోతుంది. పనికిరాని బొమ్మ కొంటే కొననివ్వండి. మావాడు రంగురంగుల పెన్నుల మీద డబ్బంతా పోసి, తర్వాత క్రికెట్ బ్యాట్‌కి చాలక చూసి చూసి ఊరుకున్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

వడ్డీ మాత్రం కూర్చోబెట్టి చెప్పాలి. మన వైపు "రెండు రూపాయల వడ్డీ" అంటారు. పిల్లలకి అది ఏడాదికి రెండు శాతంలా వినిపిస్తుంది. నెలకి నూటికి రెండు, అంటే ఏడాదికి 24. వడ్డీ కట్టకుండా అసలులో కలిపేసుకుంటూ పోతే వెయ్యి రూపాయలు 36 నెలలకి 2,040 అవుతుంది. అదే వెయ్యి పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 4 శాతం చొప్పున రెట్టింపు కావాలంటే 18 ఏళ్లకి తక్కువ పట్టదు. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన వేయించండి. అప్పు ఎంత వేగంగా పెరుగుతుందో, దాచుకున్నది ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చూశాక, ఎవరైనా వచ్చి "మా దగ్గర పెట్టండి, రెండేళ్లలో రెట్టింపు" అంటే పిల్లకే అనుమానం వస్తుంది. 2013లో ఒడిశాలో చిట్‌ఫండ్ కంపెనీలు కూలిపోయి చిన్నవాళ్ల డబ్బు ఎంత పోయిందో మా తరం చూసింది. పిల్లలకి అది పాత కథ, కానీ చెప్పాలి.

పదేళ్లు దాటిన పిల్లలు తమ ఖాతాని తామే నడుపుకోవచ్చని, ఎంతవరకు అనేది బ్యాంకులే హద్దు పెట్టుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో నియమాలు కొత్తగా ఇచ్చింది. పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటితే సొంత పేరున తెరవొచ్చు. నెలకి వంద రూపాయల నుంచి కట్టే రికరింగ్ డిపాజిట్ అక్కడే ఉంది, అయిదేళ్లది. ఫారం మీరు నింపకండి, పిల్ల చేతే నింపించి, కౌంటర్ దగ్గర పిల్లనే మాట్లాడనివ్వండి. ఆడపిల్లకి ఇంకా పదేళ్లు నిండకపోతే సుకన్య సమృద్ధి ఖాతా వెంటనే తెరవండి. ఏడాదికి కనీసం 250 రూపాయలు, 15 ఏళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్లకి చేతికొస్తుంది. పదేళ్లు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది.

మీరు ఒడిశా వైపు మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘంలో ఉన్నా, ఆంధ్ర వైపు డ్వాక్రాలో ఉన్నా, సమావేశానికి పిల్లని తీసుకెళ్లండి. పొదుపు ఎవరు కట్టారు, అప్పు ఎవరు తీసుకున్నారు, వాయిదా ఎవరిది ఆగింది, అన్నీ పుస్తకంలో ఎలా రాస్తారో అక్కడ చూస్తుంది.

ఫోన్ డబ్బు గురించి రెండే మాటలు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకెళ్లనివ్వకూడదు, ఖాతాలో పడిందో లేదో చూశాకే ఇవ్వాలి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని పిల్లకి నోటికి రావాలి. సాయంత్రం లెక్క రాసేటప్పుడు నగదు ఒక వరస, ఫోన్‌లో వచ్చింది ఇంకో వరస రాయించండి. కలిపి రాస్తే డబ్బాలో ఉండాల్సింది ఎంతో తేలదు.

ఎప్పుడు ఆపాలి

మొదలుపెట్టించడం మీద ఉన్న శ్రద్ధ ఆపించడం మీద ఎవరికీ ఉండదు. పరీక్షలు దగ్గరపడతాయి, లేదా పిల్లకి విసుగొస్తుంది. సరుకు అటక మీద పడి ఉంటుంది, అరువులు గుర్తుండవు, అప్పు అమ్మ వదిలేస్తుంది. అలా వదలకండి. జనవరిలోనే ఒక తేదీ పెట్టుకుని ముగింపు లెక్క చేయించండి. మిగిలిన సరుకు ఎంత ఉందో తూచి, వచ్చిన ధరకి అమ్మించేయండి. రావాల్సిన అరువులన్నీ ఒక్కొక్కరినీ అడిగించండి. ముందు అమ్మ అప్పు తీర్చాలి, తర్వాత సరుకిచ్చినవాళ్ల బాకీ ఏమైనా ఉంటే తీర్చాలి, ఆ తర్వాత మిగిలింది లెక్కపెట్టాలి. పెట్టిన అసలు కంటే ఎక్కువ ఉంటే లాభం, తక్కువ ఉంటే నష్టం, ఏదైనా ఆ అంకె చివరి పేజీలో రాసి పిల్ల సంతకం పెట్టాలి. నష్టమై అప్పు పూర్తిగా తీరకపోతే, మిగిలినది వచ్చే పండక్కి వచ్చే డబ్బులోంచి ఎంత, ఎప్పుడు కడుతుందో మళ్లీ కాగితం రాయించండి. మాఫీ చేయకండి. వడ్డీ వేయకండి. పుస్తకం పారేయకుండా బీరువాలో పెట్టించండి. వచ్చే మార్గశిరానికి పిండి కోసం ఎంత బియ్యం నానబెట్టాలో అందులోనే ఉంటుంది.